ఐలయ్య అసలు మొకం

"గొళ్ళెం వెడుతున్న అవ్వా. ఇగ పనయ్యెదాక తలుపు తెరిచేది లేదు. ఊపిరాడకుంటె ఇప్పుడే చెప్పు" అన్నది లీల. "ఇన్నేండ్ల సంది ఆడిన ఊపిరి గీ గడియకేమాగుతది, వెట్టు బిడ్డ" అన్నది ముత్తవ్వ. గొళ్ళెం పడ్డది, తెల్ల లైటు పోయింది, ఒక్క రెప్పపాటు కండ్లున్నయో లేవో తెల్వలేదు. మెల్లగ గోడ మీది ఎర్ర బల్బు కింద ఒక్కొక్కటి లేచి నిలవడ్డయి: పొడుగు బండ, దాని మీద మూడు ట్రేలు, తాడుకు ఏలాడే క్లిప్పులు, లీల చేతి గాజులు. పులిసిన చింతపండు అసొంటి వాసన ముక్కుకు తగిలింది. స్టూలు మీద సదురుకుని కూసున్న ముత్తవ్వకు ఇది కోరుట్ల ఫొటో స్టూడియోల ఎన్క అర్ర అనిపించలేదు, సిరిసిల్లల అత్తగారింట్ల నూలుకు రంగేసే అర్ర యాదికచ్చింది. గదే చీకటి, గదే వాసన, గదే గుబులు. గక్కడ గూడ నీళ్ళల్ల ముంచినంక మనిషి చేతుల ఏముండకపోయేది, పట్టిందా పట్టలేదా అని గాబు మీద వంగి సూసుడే. రంగును తొందరవెడితె అలుగుతది ముత్తీ, అనేది అత్త. అత్త మంచిదే, నోరే చెడ్డది, నోరు సుత చెడ్డది గాదు, దాన్ల ఎప్పుడు ఆకువక్కలుండేది, మాట పక్కలకెళ్ళి కారేది. అయ్యో, ఇప్పుడు అత్త ముచ్చటెందుకు, అచ్చింది అత్త కొడుకు కోసం.

అత్త కొడుకంటె ఐలయ్య, ముత్తవ్వ పెనిమిటి. ఆయన పోయినంక ఏడాది మాసికానికి కొడుకు నరేశ్ జగిత్యాలకు పోయి ఫొటో చేయించుకచ్చిండు, తలుపు రెక్కంత ఫొటో. దాన్ల ఐలయ్య నీలం కోటేసుకున్నడు, మెడకు ఎర్ర టై, ఎన్క మంచుకొండలు, పక్కపొంటి కుర్చీల ముత్తవ్వ, మీద తనెన్నడు కట్టని పట్టుచీర. గిప్పుడు ఊరంత గట్లనే చేయిస్తున్నరు, పోయినోళ్ళను పట్టుకచ్చి ఉన్నోళ్ళ పక్కకు కూసోవెడుతున్నరు, ఎదురింటి ప్రేమలత ఇంట్లనైతే అత్తమామలు విమానం ముందట నిలవడి నవ్వుతరు, ఆ ముసలామె బతికినన్ని దినాలు బస్సెక్కితెనే కక్కుకునేది. జన్మంత మగ్గం గుంతల ఒట్టి కాళ్ళాడిచ్చిన మనిషికి కోటేంది! "నాయినకు మంచిగొప్పింది గదనే" అన్నడు నరేశ్. కోటు ఒప్పింది కొడుకా, మనిషే ఒప్పలేదు, అని నాలిక చివరిదాక అచ్చింది గని పోరని మొకం సూసి మింగింది, పాపం గంత దూరం పోయి ఎంత ప్రేమతోని తెచ్చిండు. అయితె ఆ మొకం, అప్పుడే ఒలిచిన కోడిగుడ్డు లెక్క నున్నగ, తెల్లగ. ఐలయ్యకు చిన్నగున్నప్పుడు పెద్దతల్లి పోసింది, అదే మశూచి, బతుకుడే గొప్ప అన్నరట, బతికిండు గని మొకమంత గుంతలు వడ్డయి, ముత్తవ్వ ఎరుక పడ్డప్పటి సంది ఆ మొకం గుంతల మొకమే. శుక్రారం శుక్రారం ఆ కోటాయనకు పూలదండేస్తుంటె పరాయి మొగోనికి ఏసినట్టుండేది. అది సుత ఓర్చుకునేదే. ఇంకో కష్టమచ్చింది. మొన్న మొన్న కండ్లు మూసుకుని ఆయనను తలుసుకుంటె కోటాయనే అస్తున్నడు. ఎంత దులుపుకున్న గా గుడ్డు మొకమే. అసలాయన ఎటో జరిగిపోతున్నడు, సంతల చెయ్యి జారిన పిల్లగాని లెక్క. అప్పుడు భయమైంది ముత్తవ్వకు, ఆయన పోయిన్నాడు గూడ గంత భయం గాలేదు.

ఇంట్ల ఇంకో ఫొటో లేదా అంటె లేకేం. ఆధార్ కార్డుల ఉన్నడు, పిండిల ముంచి తీసినట్టు. మనుమడు రాకేశ్ ఫోన్ల వందల ఫొటోలుండె, ఆ ఫోను దానంతటదే మొకాలు నున్నగ చేస్తదట, అవ్వా నీ ముడుతలు గూడ పోయినయి సూడు అని మురిసిండు వాడు, ముత్తవ్వకు ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వలేదు, ముడుతలు పోతె నేనెవల్నిరా. ఆ ఫోను సుత మానేరు నీళ్ళల్ల పడ్డది, ఫొటోలు మబ్బుల ఉంటయి అవ్వా, అన్నడు, ఏ మబ్బులనో, ఎప్పుడు కురుస్తదో. గప్పుడు యాదికచ్చింది కోరుట్ల. ముత్తవ్వ తల్లిగారూరు. పెండ్లయిన కొత్తల ఇక్కడికచ్చినప్పుడు ఎల్లేశం ఫొటోగ్రాఫర్ దగ్గర జంటగ దిగిన్రు, నల్లగుడ్డ కప్పుకుని, కదలొద్దు కదలొద్దు అనుకుంట తీసిండాయన. ఫొటో మాత్రం చేతికి రాలేదు. ఐలయ్య తేవడానికి పోయి ఉత్త చేతుల అచ్చిండు, "రీలు పాడయ్యిందట" అన్నడు, ఉత్త చేతులు సుత గాదు, జిలేబి పొట్లం తెచ్చిండు, జిలేబి మోజుల పడి ముత్తవ్వ ఫొటో మాటే మర్సింది. కని, పాడైన రీల్ల సుత ఒక్క ముక్క మిగులదా? ఒక్క చెంప ముక్క?

గట్లనే మనసుల పెట్టుకుని బస్సెక్కింది, ఆడోళ్ళకు ఊకెనే గదా బస్సు, కార్డు సూపెడితె సున్న టికెట్ కొట్టిండు కండక్టర్, యేములాడల బస్సు మారింది, రుద్రంగి దాటింది, కోరుట్లల దిగి ఎల్లేశం స్టూడియో ఏడ అని అడిగితె ఆయన పోయి శాన ఏండ్లైంది, బిడ్డ నడుపుతంది అన్నరు. లీలకు యాభై దాటినయి. కంప్యూటర్లు, రంగురంగుల గొడుగులు, ముందట అర్రంత ఎల్తురు. ముత్తవ్వ ముచ్చటంత ఇని, నాయిన ఏది పారేసెటోడు గాదు అవ్వా, పొట్లాల మీద పేర్లు రాసి రేకు డబ్బలల్ల పెట్టిండు, తాత పేరు చెప్పు లెంకుత, అన్నది. గక్కడచ్చింది తంటా. మొగని పేరు నోటితోని అనేది ఎట్ల? "రాకేశ్ వాళ్ళ తాత" అన్నది ముత్తవ్వ. లీల సూసింది. "ఐలోని దేవుని పేరే బిడ్డ" అన్నది. ఐలోని మల్లన్న అనుకుని లీల పోయి మల్లయ్యలను పట్టుకచ్చింది, ఐదారుగురు మల్లయ్యలు, ఒకడు మీసాలోడు, ఒకడు గొర్రెపిల్లను సంకల వెట్టుకున్నోడు. "వీళ్ళెవలు గాదు, దేవుని పేరు గాదు, ఆయన ఉన్న ఊరి పేరు ముందు, అయ్య ఎన్క" అని ముత్తవ్వ చేతులు తిప్పితె కడకు తెలిసి, "ఐలయ్యనా!" అని లీల పక్కున నవ్వింది, "గంత దూరం నుంచి మొగని కోసం అస్తివి, పేరు మాత్రం నాతోని అనిపిస్తివి." పొట్లం దొరికింది. లోపట అరచెయ్యంత నల్లటి పొర, నెగెటివ్. ముక్క గాదు, నిండుగ ఉన్నది. మరి పాడయ్యిందన్నడేంది?

"స్కాన్ చేస్త అవ్వా, కంప్యూటర్ల నిమిషంల అస్తది" అన్నది లీల. వద్దే వద్దు. కంప్యూటరే గదా కోటేసింది. అది పట్టుకున్నదంటె ఇగ ఆయనను ఏం చేస్తదో, ఈసారి టోపీ పెడుతదో. "మీ నాయిన చేసినట్టే చెయ్యి బిడ్డ, నీళ్ళల్ల కడిగి. ఏమి కలుపకు, ఏమి తియ్యకు. ఉన్నది ఉన్నట్టు." ఫొటో కాయిదం పాతదైంది, కడిగిచ్చుకునేటోళ్ళు లేరని కొనుడు జమానాల్నే ఆపిన, ఫ్రిజ్జుల రెండు మంచియి మిగిలినయి, అస్తదో రాదో, అన్నది లీల. అయినా చేతులు తుడుసుకుని లేచింది.

ఇప్పుడు ఎర్ర ఎల్తుర్ల లీల ఆ పొరను కాయిదం మీద పరిసి, మీద అద్దం పెట్టి, ఒక్క క్షణం తెల్లబల్బు ఏసి తీసింది, పిడుగు పడ్డట్టు అర్రంత తెల్లబడి మల్ల ఎర్రగైంది. ఇంతేనా, అన్నది ముత్తవ్వ. ఇంతే, ఇగ నీళ్ళు చెప్పాలె, అన్నది లీల. నా కొడుకు ఈ అర్ర కూలగొట్టి ఏసీ రూం చేద్దామంటడు అవ్వా, కరెంటు దండుగంటడు, నేను రేపు మాపు అంటున్న. మొన్న జగిత్యాల కాలేజీ పోరలు ఇద్దరచ్చిన్రు, మెడల రీలు కెమెరాలు, ఎవలి తాతలయో, కడుగుడు నేర్పు ఆంటీ అన్నరు. రీలు ఒక్కటి ఎంత పిరమో తెలుసా, ఒక్క ఫొటో తీసెతందుకు పావుగంట నిలవడుతరు, పిచ్చోళ్ళు. బతుకుతదా అవ్వా ఈ పని, లేక నాతోనే సరా? పవర్‌లూములు కొత్తగ అచ్చినప్పుడు ఐలయ్య గిట్లనే అడిగిండు, ఆకిట్ల నులక మంచం మీద కూసుని. చేతిమగ్గం బతుకుతదంటవా ముత్తీ? వాడకట్టంత మోటార్ల మోత సురువైంది, ఒక్కొక్కలు మగ్గాలు ఇప్పి కట్టెలు పొయ్యిలకు పెట్టిన్రు, తమ మగ్గం సుత పోయింది, పొయ్యిల గాదు, అటక మీదికి. ఐలయ్య పవర్‌లూముల పనికి పోయిండు, చెవులు సగం పోగొట్టుకున్నడు, ఇంటికచ్చి గట్టిగ మాట్లాడేది, ఊరంత మా కొట్లాట అనుకునేది, మేం పప్పుల ఉప్పు ముచ్చట వెట్టుకునేది. అయినా ఎన్కవాడల ఒక్క ముసలాయన చేతిమగ్గం ఆపనేలేదు, ఎవలన్న తువ్వాల కావాల్నంటె ఆయన దగ్గరికే పోయేది, ఇప్పుడాయన మనుమరాలు నేస్తంది, ఎవలో పట్నంకెళ్ళి అచ్చి కొంటున్నరట. సచ్చిందంటె సచ్చినట్టా? ఒక్క మనిషి చేతుల ఉన్నన్ని దినాలు ఉన్నట్టే. "ఒక్కలికి నేర్పు బిడ్డ, శాన మందికి వద్దు, ఒక్కలికి" అన్నది ముత్తవ్వ, తనకే ఇనవడ్డట్టు.

"ఇగో, సూడు అవ్వా." లీల కాయిదాన్ని మొదటి ట్రేల జారవిడిసింది. తెల్ల కాయిదం, ఏం లేదు దాని మీద. లీల ట్రేను మెల్లగ ఊపుతంది, నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు పోతున్నయి, తొట్టెల ఊపినట్టు. ముత్తవ్వ స్టూలు దిగి వంగింది, కొంగు నీళ్ళల్ల పడకుంట పండ్లకు పట్టుకున్నది. ముందుగాల కుర్చీ కోడు అచ్చింది. ఎన్క ఒక చెయ్యి, ధోతి మడత, ఆ పక్కపొంటి సన్నటి పిల్ల తల వంచుకుని, అయ్యో నేనేనా, గింత బక్కగ ఉంటినా, నా జడ గంత పొడుగుండెనా, ఉండనీ, నేనెవలికి కావాలె, పక్కకు జరుగు పిల్లా. ఆయన ఏడి? భుజం అచ్చింది. మెడ అచ్చింది. చెవులు, అవునవును ఆ దొప్ప చెవులు ఆయనయే, నరేశ్‌కు గూడ గవ్వే. ఇగ మొకం, పొగమంచుల కెళ్ళి మనిషి నడిసస్తున్నట్టు, కండ్లు ముందు, ముక్కు, మూతి, చెంపలు... ముత్తవ్వ ఇంక కిందికి వంగింది. చెంపలు నిండుగ అచ్చినయి. నున్నగ. గుండ్రంగ. వెన్న పూసినట్టు. లీల దాన్ని రెండో ట్రేలకు మార్చింది, మూడోదాన్లకు మార్చింది, ఇగ లైటేస్త అన్నది, తెల్ల ఎల్తురు పడ్డది. ముత్తవ్వ కండ్లు చికిలించి సూసింది, తల ఇటు వంచి సూసింది, అటు వంచి సూసింది. ఎవలో సక్కని పిలగాడు, జాతరల దొరబిడ్డ లెక్క.

"ఎవలు బిడ్డ గీయన?" అన్నది.

లీల చేతిల కాయిదం పట్టే చిమట టప్పున బండ మీద పడ్డది. ముత్తవ్వ దిక్కు సూసింది, ఫొటో దిక్కు సూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుడు సురువు చేసింది, నవ్వు ఆగుతలేదు, కండ్ల నీళ్ళచ్చినయి. "నువ్వేనా ఆమెవు! అవ్వా, మా నాయిన సచ్చేదాక చెప్పిండు ఈ ముచ్చట. సిరిసిల్ల నుంచి ఒక నేతగాడచ్చిండట, కొత్త పెండ్లికొడుకు. మొకంల గుంతలు. అప్పట్ల నాయిన ఏం చేసేదంటె, మనుషులకు మంచిగనిపియ్యాలని ఆ పొర మీద పెన్సిల్‌తోని సన్నగ గీసి గుంతలు పూడ్సేది, రాత్రిళ్ళు కూసుని, అద్దం పెట్టుకుని. అందరు మురిసేటోళ్ళు, పిల్ల దొరుకుతదని దండం పెట్టేటోళ్ళు. ఈయన సూసిండట, పెద్దగ నవ్విండట. 'మంచిగున్నడన్నా, శాన మంచిగున్నడు, గని నేను గాదు. గిది ఇంటికి తీస్కపోతె మా ముత్తి ఎవలీయన అని అడుగుతది' అన్నడట. పైసలిచ్చి, ఫొటో ఈడనే ఇడిసిపెట్టి పోయిండట. నాయినకు బాగ రోషమచ్చింది ఆ పొద్దు. తర్వాత తర్వాత నాకే చెప్పి నవ్వేది, ఇన్నేండ్లల అందాన్ని వద్దన్నోడు ఒక్కడే అని."

ముత్తవ్వ మల్ల స్టూలు మీద కూసున్నది. రీలు పాడుగాలేదు. జిలేబి పొట్లం చేతిల పెట్టుకుని ఆకిట్లకు అచ్చినప్పుడు ఆయన మొకంల ఏముండె? నవ్వు ఆపుకునేది, గిప్పుడు తెలుస్తంది, ముత్తవ్వ అప్పుడు జిలేబినే సూసింది. అందుకేనా ఆ రాత్రి దీపం పెద్దగ చేసి, ఇటు సూడు, మంచిగ సూడు, గిదే మొకం, మల్ల మారది, అన్నడు? తను సిగ్గుతోని చేతులు అడ్డం పెట్టుకుంటె, ఆ చేతులను పట్టుకుని చెంపల మీద పెట్టుకున్నడు. ఎంత దొంగ! యాభై ఏండ్లు ఒక్క ముచ్చట కడుపుల దాసుకుని బతికిండు. మా ముత్తి ఎవలీయన అని అడుగుతదని నాకు తెలుసు, అడిగితె ఓర్చుకోలేనని గూడ తెలుసు, అనుకుని ఉంటడు.

లీల ఆ నల్లపొరను ఎల్తురుకు పెట్టి బూతద్దం ఇచ్చింది. సూడు అవ్వా, సన్నటి గీతలు. చీమకాళ్ళ లెక్క. ముత్తవ్వ సూసింది. చెంపల మీద, నొసట మీద, గింతింత గీతలు, ఒకదాని పక్క ఒకటి, ఎక్కడ బరువు పడకుంట, పోగు మీద పోగు అతుకేసినట్టు. ఎంత ఓపికతోని చేసిండో పాపం, ఎవలికోసమో, ముక్కుమొకం తెల్వని నేతగాని కోసం. "ఇది తుడిస్తె పోతది" అన్నది లీల, "టర్పెంటైన్‌ల దూది ముంచి రుద్దితె పెన్సిలంత పోయి కింద అసలు మొకం ఉంటది. ఇంకో కాయిదం ఉన్నది గద, మల్ల వేద్దాం." దూది తీసింది, సీసా మూత తీసింది. దూది ముంచింది. ముంచి పట్టుకుని నిలవడ్డది. ముత్తవ్వ ఆ చెయ్యిని సూసింది. చెయ్యి పొర దాక పోతంది, ఆగుతంది. "నాయిన చెయ్యి గిట్ల ఇంక దేని మీద లేదు అవ్వా" అన్నది లీల, అడగకుంటనే, నవ్వబోయి నవ్వురాక, "తీసిన ఫొటోలన్ని మందివి. పంచిన కాయిదాలు ఏడ ఉన్నయో ఏమో. గీ గీతలు మాత్రం... ఏం గాదు తియ్యి, మీ ఆయన మొకం ముందు."

దూది నుంచి ఒక్క చుక్క బండ మీద పడ్డది. ముత్తవ్వకు శాన కావాలె ఆ మొకం, బస్సులల్ల కుదుపుకుంట అచ్చింది దానికోసమే, ఇంటికి పోతె ఆ కోటాయన గోడమీద ఎదురుసూస్తడు. ఒక్కసారి రుద్దితె అస్తడు ఈ మనిషి. గీతలు గీసిన ఎల్లేశం పోతడు. "ఆగు బిడ్డ" అన్నది. "దూది పారెయ్. గా కాయిదం ఆరవెట్టు. మీ నాయిన పెన్సిల్ ఉన్నదా?"

ఫ్యాను కింద కాయిదం ఆరెటప్పటికి లీల బ్లేడుతోని పెన్సిల్‌ను సూది లెక్క చెక్కింది. ముత్తవ్వ చదువుకోలేదు, పెన్సిల్ పట్టుడు రాదు, సూది పట్టినట్టు పట్టుకున్నది. నున్నటి కాయిదం గాదు, గరుకుది, మరక ఆగుతది. సూసుకుంట కూసున్నది ఆ సక్కని పిలగాన్ని, ఏం గుర్తుకస్తలేదు, కండ్లు మూస్తె మల్ల ఆ కోటాయనే. అయ్యో దేవుడా. అప్పుడు ఎడమ చెయ్యి ఎత్తి గాలిల పెట్టింది, మనిషి ఎదురుంగ కూసుంటె చెంప ఎంత దూరంల ఉంటదో అంత దూరంల. జ్వరమచ్చినప్పుడు తడిగుడ్డతోని తుడిసిన చెయ్యి, గడ్డం గీసుకుంటుంటె అద్దం పట్టిన చెయ్యి, ఆఖరుకు తానం పోసిన చెయ్యి. కండ్లకు తెల్వంది చేతి వేళ్ళకు తెలుసు. "ముక్కు పక్కపొంటి మూడు, పొయ్యిరాళ్ళ లెక్క" అన్నది, అని పెట్టింది. "మీసం మొలవని జాగ ఒకటి, దీన్ల నీళ్ళు నిలుస్తయని ఎక్కిరిచ్చేది నేను." పెట్టింది. "కనుబొమ్మను కోసినట్టు ఒకటి. దవడ మీద వరుసగ, నాలుగు, కాదు ఐదు, ఒకటి చిన్నది." లీల బల్బు దగ్గరికి వంచి పట్టుకున్నది. పక్కన ఆ నల్లపొర మల్ల తన పొట్లంల పండుకున్నది. ముత్తవ్వ గొణుగుతనే ఉన్నది, ఆయనతోని కొట్లాడినట్టు, ఆగు కదులకు, గిది నీ పెదవి కింద, గిది నువ్వు నవ్వితెనే కనవడేది, నవ్వుతలేవు గని ఉండాలె, పెడుతున్న.

"అయిందా అవ్వా?" అన్నది లీల చిన్నగ.

ముత్తవ్వ కాయిదాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి సూసింది. ఇంకొకటి పెట్టింది, చెవి కింద, లీలకు ఎందుకో చెప్పలేదు. మల్ల దూరం పెట్టింది. గంతె, లేచి నిలవడ్డది, తెల్వకుంటనే కొంగు సదురుకున్నది, జారిన జుట్టు చెవి ఎన్కకు తోసుకున్నది.

"నడువయ్యా" అన్నది ఫొటోతోని, "యేములాడ బస్సు పోతది."